శాలువాలు పక్కనబెట్టి, పుస్తకం సంగతి చూద్దాం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచే వచ్చాయి. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఊరి పేరు మాత్రం వేస్తున్నాం.

ఫేస్‌బుక్కులో, రీల్సులో చూసి ఆర్నెల్లలో ఏడు పుస్తకాలు తెప్పించుకున్నాను. చివరిదాకా చదివింది రెండే. ప్రతి పుస్తకానికీ ‘తప్పక చదవాల్సిందే’, ‘కన్నీళ్లు ఆగలేదు’ అనే రాస్తున్నారు. వాళ్లు అబద్ధం చెప్తున్నారా, నాకే చదవడం రాదా? – అనంతపురం

రెండూ కాదండీ. తెలుగులో పుస్తకం రాసేవాళ్లు, వేసేవాళ్లు, పొగిడేవాళ్లు చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్లే. వచ్చే ఆదివారం ఆవిష్కరణ సభలో పక్క కుర్చీలో కూర్చోవాల్సిన మనిషి గురించి ‘మధ్యలో వంద పేజీలు సాగదీశాడు’ అని ఎవరు రాస్తారు? మెప్పులో నిజం ఉండొచ్చు, కానీ అది పావు మెప్పో నిండు మెప్పో బయటివాళ్లకు అంతుపట్టదు. దాన్ని తూకం వేసుకోవడం కొంచెం నేర్చుకోవాలి.

మొదట ఆ సిఫారసు చేసిన మనిషి పేజీలో ఓ ఇరవై పోస్టులు వెనక్కి వెళ్లండి. ఒక్క పుస్తకమైనా నచ్చలేదని రాశారా? ఇరవైకి ఇరవై అద్భుతాలే అయితే ఆ మనిషి మంచివాడై ఉండొచ్చు గానీ మీకు పనికిరాడు. ‘పుస్తకం పంపిన రచయితకు ధన్యవాదాలు’ అని ఉంటే అది ఊరికే వచ్చిన ప్రతి. తప్పేమీ లేదు, లెక్కలో వేసుకోండి, అంతే. తర్వాత చూడాల్సింది, ఆ పోస్టులో పుస్తకం లోపలి సంగతి ఏదైనా ఉందా అని. ఒక పాత్ర చేసిన పని, ఒక సంభాషణ, 120వ పేజీ తర్వాత కథ ఎటు తిరిగింది... ఇలాంటివి ఉంటే చదివి రాసినట్టు. అట్ట బొమ్మ, పక్కన కాఫీ కప్పు, వెనక అట్ట మీది నాలుగు వాక్యాలు మాత్రమే ఉంటే చదవకుండానే రాసి ఉండొచ్చు. ‘ఇది ఫలానా రకం వాళ్లకు నచ్చదు’ అని ఎవరైనా రాస్తే వాళ్లను మాత్రం వదలకండి.

పుస్తకం చేతికొచ్చాక చాలామంది దాటేసే పేజీ ఒకటుంది. లోపలి శీర్షిక పేజీకి వెనక వైపున ‘ప్రథమ ముద్రణ’, ‘ప్రతులు’, ‘వెల’, ‘ప్రతులకు’, ‘డీటీపీ’, ‘ముద్రణ’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన పుస్తకాల్లో చాలావాటికి అచ్చేసిన ప్రతుల సంఖ్య కూడా అక్కడే వేస్తారు. అట్ట మీద ‘నాలుగో ముద్రణ’ అని ఉంటే ముందు ఆ సంఖ్య చూడండి. ముద్రణకు వెయ్యి చొప్పున నాలుగుసార్లు వేస్తే ఒక లెక్క, వంద చొప్పున నాలుగుసార్లు వేస్తే ఇంకో లెక్క. డిజిటల్ ప్రింటింగు వచ్చాక వంద, యాభై కూడా వేసుకోవచ్చు, కాబట్టి ‘ముద్రణ’ అనే మాటకు పాత బరువు లేదు. ‘ప్రతులకు’ కింద రచయిత ఇంటి చిరునామా ఒక్కటే ఉంటే సొంత ఖర్చుతో వేసుకుని ఉండొచ్చు. సొంతంగా వేసుకున్నవాటిలో మంచివి బోలెడున్నాయి. కాకపోతే రాతప్రతిని రచయిత కాక ఇంకొకరు కత్తెర పట్టుకుని చూశారో లేదో మీరే చూసుకోవాలి.

ఇక ముందుమాటలు. ఒకటుంటే చదవండి, నాలుగుంటే కథలయ్యాక చదవండి. ముందుమాటల భాష కొన్నాళ్లకు అలవాటవుతుంది. ‘ఈ రచయిత మున్ముందు మరిన్ని మంచి రచనలు చేయాలి’ అంటే ఈ పుస్తకం ఇంకా పండలేదని. ‘మట్టి వాసన గుబాళించింది’ అంటే రచయిత సీమవాడని తెలిసింది, కథల గురించి చెప్పడానికి ఏమీ తోచలేదని. ఫలానా కథలో ఫలానా చోట రచయిత తడబడ్డాడని రాసిన ముందుమాట కనిపిస్తే రాసినవాళ్ల పేరు గుర్తుపెట్టుకోండి. అరుదుగా దొరుకుతారు.

కొనేముందు ఒక పరీక్ష. మొదటి పేజీ వద్దు, దాన్ని అందరూ చెక్కి చెక్కి పెడతారు. నలభయ్యో పేజీ నుంచి నాలుగు పేజీలు చదవండి. అక్కడ కథ నడుస్తోందా, రచయిత ఉపన్యాసం ఇస్తున్నాడా అన్నది తెలిసిపోతుంది. కొన్నాక నచ్చకపోతే అరవై పేజీల దగ్గర ఆపేయండి. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

నేను వారపత్రికల సీరియళ్లు చదివి పెరిగినదాన్ని. ఇప్పటికీ చకచకా సాగే నవలలే ఇష్టం. మా కాలేజీలో ఇంగ్లీషు మేడం ‘మీది మిడిల్‌బ్రో టేస్టు’ అని నవ్వింది. తిట్టా? – ప్రొద్దుటూరు

తిట్టే. కానీ పుట్టినప్పటి నుంచీ కాస్త తడబడుతూనే ఉన్న తిట్టు. నుదురు ఎత్తుగా ఉంటే తెలివి ఎక్కువ అని పందొమ్మిదో శతాబ్దపు కపాల శాస్త్రం నమ్మేది. ‘బ్రో’ అంటే నుదురు. అందులోంచి ‘హైబ్రో’ (పండితుల రుచి), ‘లోబ్రో’ (మామూలు జనం రుచి) వచ్చాయి. 1925లో లండన్‌లోని పంచ్ అనే హాస్య పత్రిక, తమకు నచ్చాల్సినవి ఎప్పటికైనా నచ్చకపోతాయా అని ఆశపడే మనుషులు ‘మిడిల్‌బ్రో’లని ఎగతాళి చేసింది. మరుసటి ఏడాది 1926లో అమెరికాలో బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్ మొదలైంది. పెద్దలు కొందరు కూర్చుని నెలకో పుస్తకం ఎంపిక చేస్తే, అది పోస్టులో చందాదారు ఇంటికొచ్చేది. ఎవరి రుచి వాళ్లు వెతుక్కోకుండా కమిటీకి అప్పజెప్తారా అని పండితులు మండిపడ్డారు. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ అయితే మధ్యరకం వాళ్లను ఏకుతూ ఒక ఉత్తరమే రాసింది. పోస్టు చేయలేదు, ఆమె పోయాక 1942లో అచ్చయింది. 1996లో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ తన కార్యక్రమంలో పుస్తకాల క్లబ్బు పెట్టాక ఇదే గొడవ మళ్లీ లేచింది. 2001లో ఒక నవలాకారుడు తన పుస్తకం మీద ఆమె క్లబ్బు ముద్ర పడటం ఇబ్బందిగా ఉందన్నాడు, ఆమె పిలుపు వెనక్కి తీసుకుంది, పుస్తకం మాత్రం బాగానే అమ్ముడుపోయింది.

మన దగ్గర దీనికి సరైన మాట లేదు. ‘వ్యాపార నవల’, ‘కాలక్షేపం’ అంటూ సరిపెట్టుకుంటున్నాం. కానీ ఇంటింటికీ పుస్తకం చేర్చే పని మాత్రం జరిగింది. ఎమెస్కో ప్రచురణల వాళ్ల ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ పథకం ఆ పనే చేసింది. నెలకో నవల పూర్తిగా వేసిన ‘చతుర’, ఇతర భాషల కథలు తెచ్చిన ‘విపుల’ కూడా అంతే. రైలు టికెట్టు కొన్నంత సులువుగా పుస్తకం కొనడం అలవాటు చేసింది అవే.

అయితే అటువైపు వాదన కూడా మీ జిల్లాలోనే ఉంది. 1968లో కడప నుంచి ‘సంవేదన’ పత్రిక తెచ్చిన రాచమల్లు రామచంద్రారెడ్డి – రారా అంటేనే తెలుస్తుంది – మొహమాటం లేకుండా విమర్శ రాసేవారు. పేరున్న రచయిత అని వదిలేది లేదు, సొంత ఊరివాడని జాలిపడేది లేదు. ఆ పత్రిక ఎక్కువ కాలం నడవకపోయినా దాని పేరు ఇంకా చెప్పుకుంటున్నాం. ఆ తీరులో ఒక ప్రశ్న మీ సీరియల్ నవలకూ వేసుకోవచ్చు: ఈ మనిషి నిజంగా ఇలా మాట్లాడతాడా? ఆ ప్రశ్నకు నిలబడిన సీరియళ్లు ఉన్నాయి, నిలబడని అవార్డు కవిత్వమూ ఉంది. మేడంగారికి ఈసారి ఆ ప్రశ్న వేసి చూడండమ్మా.

మా కాలనీలో పది మందిమి కలిసి పుస్తకాల గుంపు పెట్టుకుందామనుకుంటున్నాం. ఇంతకుముందు ఒకసారి పెట్టి మూడు నెలలకే ఆగిపోయింది. ఎలా నడపాలి? – కర్నూలు

మూడో నెల ఎందుకు ఆగిందో మీరు రాయలేదు. మామూలుగా ఆగేందుకు కారణాలు నాలుగే: లావు పుస్తకం, ప్రతులు అందరికీ దొరక్కపోవడం, ఒకాయనే మాట్లాడటం, శాలువా.

పుస్తకం 160 పేజీలు దాటొద్దు, కనీసం మొదటి ఆర్నెల్లు. నవల కంటే కథల సంపుటి మేలు. పూర్తి చేయలేనివాళ్లు కూడా మూడు కథలు చదువుకుని రాగలరు. అందులోనూ నాలుగు కథలు ముందే ఎంచి చెప్పండి, ‘అన్నీ చదవండి’ అంటే ఒక్కటీ చదవరు. ఎంపిక వంతులవారీగా ఒక్కొక్కరు చేయాలి. ఓటింగు పెట్టారో, ఎవరికీ అభ్యంతరం లేనిదే గెలుస్తుంది. ఎవరికీ అభ్యంతరం లేని పుస్తకం మీద గంటన్నర మాట్లాడేందుకు ఏముంటుంది?

ప్రతుల సంగతి ఎంపికకు ముందే తేల్చుకోవాలి. ప్రచురణకర్తకు ఫోన్ చేసి స్టాకు ఉందా, పది ప్రతులకు తగ్గింపు ఎంత అని అడగండి. చాలామంది ఇస్తారు. పుస్తకాలకు జీఎస్టీ లేదు, కాబట్టి బిల్లులో అది కనిపిస్తే అడగండి. పోస్టు ఖర్చు తగ్గడానికి తపాలా శాఖ పుస్తకాల సేవ జ్ఞాన్ పోస్ట్ ఉంది, మీ పుస్తకానికి వర్తిస్తుందో లేదో పోస్టాఫీసులో కనుక్కోండి. 2025 మే 1న మొదలైంది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పైన పన్ను. మామూలు సైజులో 160 పేజీల పుస్తకం సుమారు 190 గ్రాములు తూగుతుంది. అంటే ఒక్కటి తెప్పించుకుంటే 20 రూపాయలు, పైన పన్ను పడుతుంది, పది కలిపి ఒకే కట్టగా తెప్పిస్తే రెండు కిలోలు, ఇంకా చవక. అది నేల మీద వచ్చే పోస్టు, ఆలస్యమవుతుంది. కాబట్టి సమావేశానికి ఐదు వారాల ముందే ఆర్డరు పెట్టండి. వారం ముందు పెడితే సగం మంది చేతిలో పుస్తకం లేకుండా వస్తారు. గుంపు చచ్చిపోవడం అక్కడే మొదలవుతుంది.

మనుషులు 8 నుంచి 12. అంతకంటే ఎక్కువైతే సభ, తక్కువైతే ఇద్దరు రాని రోజు కబుర్లు. గంటన్నర చాలు. కర్నూలు ఎండలకు మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రం ఆరున్నర తర్వాతే పెట్టండి. జిల్లా గ్రంథాలయాన్ని అడిగితే గది దొరకవచ్చు, కానీ మూసే వేళ ముందు కనుక్కోండి. తాళం వేసేవాళ్లు గుమ్మంలో నిలబడితే ఏ చర్చా సాగదు.

మొదటి పది నిమిషాలు ఒకరు రెండు పేజీలు పైకి చదవాలి. దీన్ని తీసిపారేయకండి. సీమ మాటలతో రాసిన కథ కళ్లతో చదివితే ఒక తీరు, ‘యాడికి బోతాండావు’ అని కర్నూలు గొంతు పలికితే ఇంకో తీరు. చదివేవాళ్లు ఆ మాటల్ని పుస్తకాల భాషలోకి సర్దుకుంటూ చదువుతుంటే ఆపి, ఉన్నది ఉన్నట్టు చదవమనండి. తర్వాత ఒక్కొక్కరు రెండు నిమిషాలు, ‘ఎక్కడ పుస్తకం పక్కన పెట్టాలనిపించింది’ అన్న ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పాలి. ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు, కథ ముగిసిపోతుంది. ఎక్కువ మాట్లాడే పెద్దాయన ప్రతి గుంపులో ఒకరుంటారు. ఆయనకు మినిట్సు రాసే పని అప్పజెప్పండి, రాస్తూ మాట్లాడలేరు.

శాలువా గురించి. రచయితను మొదటి ఏడాది పిలవకండి. రచయిత ఎదురుగా ఉంటే అందరూ మెచ్చుకుంటారు. తర్వాత బొకే, తర్వాత శాలువా, తర్వాత ముఖ్య అతిథి, ఫ్లెక్సీ. నాలుగో నెలకు మీది పాఠకుల గుంపు కాదు, సన్మాన సంఘం. అంతగా పిలవాలనుకుంటే ముందు మీరు పుస్తకం గురించి మాట్లాడుకుని, పై నెలలో ఆయన్ని పిలిచి ప్రశ్నలడగండి.

వాట్సాప్ గ్రూపులో పుస్తకం తప్ప ఇంకేదీ పెట్టకూడదని మొదటి రోజే చెప్పండి. గుడ్ మార్నింగులు మొదలైతే మ్యూట్ చేస్తారు, మ్యూట్ చేస్తే సమావేశం కబురు చేరదు.

మా మండలం శాఖా గ్రంథాలయంలో దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు తప్ప కొత్త కథల పుస్తకాలు కనబడవు. ఎవరిని అడగాలి? – జమ్మలమడుగు

మీరు డబ్బు కట్టి ఉన్నారు, కాబట్టి అడగడంలో తప్పులేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. అది పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చిక్కంతా ఆ జమ దగ్గరే వస్తుంది. బకాయి పడితే జీతాలు, కరెంటు బిల్లు, పత్రికల బిల్లు పోగా పుస్తకాలకు మిగిలేది తక్కువ.

శాఖలో సలహాల పుస్తకం అడిగి, పేరు, రచయిత, ప్రచురణకర్త, వెల, దొరికే చోటు – ఐదూ రాయండి. ‘మంచి పుస్తకాలు తెప్పించండి’ అని రాస్తే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. ఒక పుస్తకం కోసం ఐదుగురు వేర్వేరుగా రాస్తే పైకి పంపడానికి లైబ్రేరియనుకు ఆధారం దొరుకుతుంది. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో జిల్లా సంస్థ పెద్దలు తిరుగుతుంటారు, కాగితం చేతిలో పెట్టండి. అన్నట్టు, ఉన్న కథల పుస్తకాలు కార్డు మీద ఇంటికి తీసుకెళ్తున్నారా? ఇచ్చిన పుస్తకాల రిజిస్టరులో కథల పద్దు ఖాళీగా ఉంటే కొత్తవి అడిగే నోరు మనకు ఉండదు.

అవార్డు వచ్చిందంటే మంచి పుస్తకమేగా? – ఆదోని

ఏ అవార్డు అన్నదాన్ని బట్టి. కేంద్ర సాహిత్య అకాడమీది భాషకు ముగ్గురు న్యాయనిర్ణేతల ఎంపిక. ఐదేళ్ల కాలంలో తొలిసారి వచ్చిన పుస్తకాలను చూస్తారు, అంటే అవార్డు వచ్చేసరికి పుస్తకం పాతబడి ఉంటుంది, ఒక్కోసారి స్టాకు కూడా ఉండదు. సీమ నుంచి ఉదాహరణకు 1996లో కేతు విశ్వనాథరెడ్డి కథలకు, 2019లో అనంతపురం రచయిత బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ నవలకు వచ్చాయి. 35 ఏళ్లలోపు వాళ్లకిచ్చే యువ పురస్కారం మొదలైన 2011లోనే తెలుగులో అది కడప జిల్లాకు, వేంపల్లి గంగాధర్ ‘మొలకల పున్నమి’కి వచ్చింది. ఈ మూడూ నిశ్చింతగా చదవొచ్చు. ఇక ఎంట్రీ ఫీజు అడిగే అవార్డులు, ‘ప్రశంసాపత్రం, మెమెంటో ఖర్చులకు’ అంటూ డబ్బు అడిగేవి ఉంటాయి. వాటిని బిల్లుగా చూడాలి, అవార్డుగా కాదు.

కథల పుస్తకం సొంతంగా వేసుకున్నాను. 12 కథల్లో పల్లె కథలు రెండే. మిగతావి అపార్ట్‌మెంట్లు, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. సమీక్షలు మూడొచ్చాయి. మూడింట్లోనూ ‘రాయలసీమ కరువు కథలు’ అని రాశారు. ఎందుకిలా? – అనంతపురం

అట్ట మీద బీటలు వారిన నేల బొమ్మ వేశారా? వేసే ఉంటారు. సమీక్షకు వారానికి అన్ని పుస్తకాలొస్తుంటే ముందు చూసేది అట్ట, వెనక అట్ట, ముందుమాట. అక్కడ కరువు ఉంటే సమీక్షలోకి కరువే దిగుతుంది. సీమ నుంచి కరువు, ఫ్యాక్షను తప్ప ఇంకేదైనా వస్తుందంటే నమ్మని పెద్దమనుషులు కొందరు ఉన్న మాటా నిజమే. గేటెడ్ కమ్యూనిటీలో లిఫ్టు పాడైన కథ అనంతపురంలో జరగకూడదా? దానికి వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం కంటే ఉన్న ప్రతులకు చేయగలిగింది చూద్దాం.

సమీక్షకు పంపేటప్పుడు పత్రికలు మామూలుగా రెండు ప్రతులు అడుగుతాయి. వాటితో ఒక్క పేజీ నోటు పెట్టండి: ఏ కథ ఎక్కడ జరుగుతుంది, ముందు చదవమని మీరు అడిగే రెండు కథలేవి, వాటి పేజీ నంబర్లు. పొగడ్త ఒక్క మాట కూడా వద్దు. వందమందికి ఊరికే పంచే బదులు, ఇలాంటి కథల మీద ఇంతకుముందు రాసినవాళ్లను పాతిక మందిని వెతికి పంపండి. ఏటా మంచి కథలు ఏరి 1990 నుంచి ‘కథ’ సంకలనాలు తెస్తున్న కథాసాహితి లాంటివాళ్లు పత్రికల్లో వచ్చిన కథల్ని చూస్తారు, కాబట్టి తర్వాతి కథ ముందు పత్రికకు పంపండి.

మలి ముద్రణకు కొన్ని మాటలు. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, దానికి ఎవరైనా డబ్బడిగితే అది వాళ్ల సర్వీసు ఛార్జీ. 1954 చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. సొంతంగా వేసుకున్నవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. షాపులు 30 నుంచి 40 శాతం, పంపిణీదారులు 50 దాకా కమిషను అడుగుతారు. వెల 150 పెడితే 40 శాతం పోను మీకొచ్చేది 90. అందులో అచ్చు ఖర్చు, పోస్టు పోవాలి. ప్రతికి అచ్చు ఖర్చే 60 దాటితే ఆ వెల సరిపోదు. అచ్చులో పేజీలు 16 లెక్కన ఫారాలుగా (కట్టలుగా) తెగుతాయి, 163 పేజీలు వస్తే మూడు పేజీలు కుదించి 160కి దించమని డీటీపీ వాళ్లకు చెప్పండి. పాత తెలుగు టైపింగు అక్షరాలైన అను ఫాంట్ల నుంచి, అన్ని కంప్యూటర్లలో కనిపించే యూనికోడ్‌కు మార్చిన ఫైలైతే ప్రూఫు మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే, వత్తులు ఎక్కడికో ఎగిరిపోయి ఉంటాయి. మార్చకముందు చూసిన ప్రూఫు లెక్కలోకి రాదు.

అట్ట మార్చండి.

ఆడియోలో వింటే చదివినట్టేనా? – నంద్యాల

కథ తెలుస్తుంది. వాక్యం తెలియాలంటే చూడాలి. హరికథ విన్నవాళ్లను ‘మీరు చదవలేదు’ అని ఎవరూ అనలేదు కదా, వినండి. 1.5 వేగంతో మాత్రం వినకండి.

మా అమ్మ పాత వారపత్రికల్లోంచి సీరియళ్లు కత్తిరించి బైండు చేయించిన పుస్తకాలు 14 ఉన్నాయి. కాగితం ఎర్రబడి చివర్లు విరుగుతున్నాయి. పారేయలేను. ఏం చేయాలి? – కడప

పారేయకండి. ఆ కాలంలో ఏం చదివారో చెప్పే సాక్ష్యం ఇలాంటి ఇంటి బైండింగుల్లోనే ఉంది. ఆ పేజీల వెనక వైపున్న ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు పుస్తకంగా వచ్చిన నవలల్లో ఉండవు.

న్యూస్‌ప్రింటులో (పత్రికల కాగితంలో) చెక్క తాలూకు లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుగూ గాలీ తగిలేకొద్దీ ఎర్రబడి పెళుసవుతుంది. దాన్ని వెనక్కి తిప్పలేం, నెమ్మదింపజేయగలం. ఎండలో ఆరబెట్టకండి, మన వాళ్లు మొదట చేసేది అదే. నీడలో గాలికి ఒక పూట ఉంచి, మెత్తటి బ్రష్షుతో బైండు వైపు నుంచి బయటికి దులపండి. తుప్పుపట్టిన స్టాప్లర్ పిన్నులుంటే కాళ్లు పైకి లేపి తీయండి, లాగితే కాగితం చిరుగుతుంది. సెల్లో టేపు అంటించొద్దు, పదేళ్లకు అది ఊడిపోయి జిగురు మచ్చ మిగులుతుంది. పాలిథిన్ కవరులో గట్టిగా కట్టకండి, లోపలి తేమకు బూజు పడుతుంది. ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చుట్టి, గోడకు నాలుగంగుళాల ఎడంగా ఇనుప రాకులో పడుకోబెట్టండి. చెక్క బీరువా గోడకు ఆనుకుని ఉంటే చెదలకు దారి వేసినట్టే. బాగా ఎండిన వేపాకు పెట్టుకోవచ్చు గానీ ఆకు కాగితానికి తగలకుండా గుడ్డ మూటలో పెట్టాలి.

స్కాను చేయాలంటే బైండు విప్పొద్దు. పుస్తకాన్ని 90 డిగ్రీలకు మించి తెరవకుండా, రెండు వైపులా దిండ్లు ఆనించి, పైనుంచి ఫోనుతో తీయండి. ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద బోర్లించి నొక్కితే వీపు విరుగుతుంది. ఒక్కో ఫైలు పేరులో పత్రిక, తేదీ, పేజీ రాయండి, తేదీ లేకపోతే రేపు ఎవరికీ ఉపయోగపడదు. ఫైళ్లు మీ దగ్గరే పెట్టుకోండి, నెట్‌లో పెట్టొద్దు. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది.

అసలు ప్రతులు ఎవరికైనా ఇద్దామనుకుంటే మీ ఊళ్లోనే యర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. పత్రికల్లో విడి కథలు కూడా ఉంటే శ్రీకాకుళంలోని కథానిలయాన్ని అడగండి, 1997 నుంచి కథల కోసమే నడుస్తున్నది అది. ఎక్కడికైనా ముందు జాబితా పంపండి: పత్రిక, సీరియల్ పేరు, మొదటి తేదీ, చివరి తేదీ, లేని భాగాలు. ‘లేని భాగాలు’ తప్పకుండా రాయండి. అమ్మగారు ఏ వారం పత్రిక కొనలేకపోయారో ఆవిడనే అడగండి, గుర్తుండే ఉంటుంది.